మా మగ్గం మీద హాలెండు జెండా

దగ్గరికి జరగండమ్మా, మీరూ జరగండి నాయనా. గోడకు ఆనుకునేవాళ్ళు ఆనుకోండి. చేతిలో పని ఉంటే మానొద్దు, చిక్కుడుకాయలు గిల్లుతూ కూడా వినొచ్చు. నేను చెప్పబోయేది ఒక జెండా సంగతి. మన దేశం జెండా కాదు, హాలెండు వాళ్ళది. అది ఎమ్మిగనూరులో, మా ఇంటి గుంటమగ్గం మీద నేసిన జెండా.

నేను పుట్టింది ఆదోనిలో. మెట్టింది ఎమ్మిగనూరు నేతవాళ్ళ ఇంట్లో. ఇది డెబ్బైల చివరి మాట. మా ఆయన నేసిన చీరలు మూటగట్టుకుని దేవనకొండ, ఆస్పరి వైపు తిరిగి అమ్మేవాడు. మగ్గం మీద కూర్చునేది మా మామ. అంచు ఒక రంగు, నడుమ ఒక రంగు ఉండే చీర నేయాలంటే ఒక మనిషి వల్ల కాదు. దారపు కండెను మోసుకుని అటూ ఇటూ పోయే నాడె ఒకటి చాలదు. రంగుకొక నాడె ఆడాలి, పక్కన కూర్చుని ఇంకొకరు అందించాలి. మా ఇంట్లో ఆ రెండో చెయ్యి మా ఆడబిడ్డది. పొద్దున బడికి పోకముందు, సాయంత్రం బడి నుంచి వచ్చినాక, ఆ పిల్ల వాళ్ళ నాయన పక్కన మగ్గం దగ్గరే ఉండేది.

ఆ ఏడు ఆ పిల్ల పదో తరగతి పరీక్షలు రాసింది. ఆదోనికి పోయి ఇంటరు చదవాలని దాని ఆశ. మా అమ్మవాళ్ళింట్లో ఉండి చదువుకోవచ్చు, మా అమ్మ కాదనే మనిషి కాదు. కానీ మా మామ "పది చాలు" అన్నాడు. ఆయన మాట పెంచే మనిషి కాదు. ఆ పిల్లా ఎదురు చెప్పలేదు. ఎండాకాలమంతా నాడె అందిస్తూనే ఉంది, ఫలితాలు వచ్చే రోజు కోసం లోపల్లోపల కాచుకుంటూనే ఉంది. వంటింట్లో నా దగ్గర మాత్రం, "వదినా, పాసైతే నాయన మనసు మారుతాదంటావా?" అని అడిగేది. నాకేం తెలుసు? పొయ్యి ఊదుకుంటూ ఊరుకునేదాన్ని.

ఆ ఎండాకాలంలోనే మా వీధిలో బాడుగకున్న హాలెండు నర్సమ్మ ఒక గుడ్డ పట్టుకుని మా గడప తొక్కింది. ఊరి బయట ఆసుపత్రిలో పని ఆమెకు. పొడుగ్గా ఉండేది, వాకిలి దగ్గర తల వంచకపోతే దూలం తగిలేది. తెలుగు పుస్తకం చూసి నేర్చుకుంది కాబట్టి, దయచేసి అనకుండా ఆమెకు మాట బయటికి వచ్చేది కాదు.

"దయచేసి చూడండి. చెదలు నా దేశాన్ని తినేశాయి," అంది.

ఇనప్పెట్టె కింద పెట్టిన జెండా అది. పైన ఎరుపు, నడుమ తెలుపు, కింద నీలం, అడ్డంగా మూడు పట్టీలు. సగం జల్లెడ అయిపోయింది. నెలాఖరుకు వాళ్ళ రాణి పుట్టినరోజట. ఆ రోజు వాళ్ళ దేశంలో ఇండ్ల మీద జెండా కడతారట. ఎంత దూరంలో ఉన్నా తనూ కట్టుకోవాలని ఆమె కోరిక.

మా అత్త నవ్వింది. "ఏమ్మా, ఊపిరి పీల్చేదానిగ్గూడ దయచేసి అంటావా నువ్వు?"

మా మామ నవ్వలేదు. ఆ గుడ్డను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి నలిపి చూశాడు. "మిల్లుగుడ్డమ్మా ఇది. మూడు ముక్కలు సేసి కుట్టినారు. దేశం పేరు జెప్పి అతుకులగుడ్డ ఎగరేస్తారా ఎవురన్నా? ఒగటే గుడ్డగా నేసిస్తాలే, పో."

మూడు రంగులంటే మూడు నాడెలు. తండ్రి ఒక వైపు, కూతురు ఒక వైపు. ఎరుపు దారమూ తెలుపు దారమూ కలిసే చోట ఒకదాన్నొకటి కౌగిలించుకుని వెనక్కి తిరగాలి, లేకపోతే అక్కడ సందు పడుతుంది. నర్సమ్మ పని అయినాక వచ్చి గడపలో కూర్చుని చూసేది. వెనకటి కాలంలో ఆ ఎరుపు ఉన్న చోట నారింజ రంగు ఉండేదని, సముద్రపు గాలికి అది నిలవక ఎరుపుకు మారిందని తమ పెద్దవాళ్ళు చెప్పుకుంటారని అంది. రంగుల తొట్టి దగ్గర చేతులు కాల్చుకున్న మనిషి కదా, మా మామకు ఆ మాట తెగ నచ్చింది.

"రంగు నిలబడకపోతే రాణి మాత్రం ఏంజేస్తాది?" అన్నాడు.

నేత పూర్తయింది. గుడ్డ కోసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె విప్పి చూసింది. నవ్వబోయి ఆగింది, ఆగి మళ్ళీ చూసింది. పైనా కిందా బెత్తెడు పసుపుపచ్చ అంచు! మగ్గం మీద చూసినప్పుడు, కోసేటప్పుడు తీసేస్తారులే అనుకుందట.

"దయచేసి... ఈ పసుపు?"

"అంచమ్మా," అన్నాడు మా మామ, ఇంత కూడా తెలియదా అన్నట్టు.

"మా జెండాకు అంచు లేదు కదా."

"లేదని సూసినాలే. మర్సిపోయినారేమో అనుకుంటి. అంచు లేని గుడ్డ మా ఇండ్లల్ల పీనుగు మింద కప్పుతారు. పుట్టినరోజంటివే! నా సేత్తో బోడిగుడ్డ నేసి మీ రాణికి ఎట్ల పంపిస్తునమ్మా?"

ఆ అమ్మ అంచును వేలితో తడిమింది. చాలా అందంగా ఉంది, కానీ ఇది మా జెండా కాదు అని మెల్లగా అంది. మా మామ మొహం ముడుచుకున్నాడు. అప్పుడామె ఇంకొక సంగతి చెప్పింది. రాణి పుట్టినరోజున జెండా ఒక్కటే కట్టరట. దాని పైన నారింజ రంగులో సన్నటి పొడుగాటి పట్టీ ఒకటి విడిగా వేలాడదీస్తారట. అది రాణి వంశపు రంగట. శుభమంతా అందులో ఉంటుందని ఆమె అర్థం.

మా అత్త కండెలు చుట్టడం ఆపింది. "అది సాముల రంగు గదమ్మా! మీ రాణెమ్మ సన్యాసమేమన్నా తీసుకుండాదా?"

అందరం నవ్వాం, నర్సమ్మ కూడా. మా మామ ఆ నారింజ పట్టీ మాటతో మెత్తబడ్డాడు. రెండో జెండా అంచు లేకుండా నేశాడు. పట్టీ కూడా నేశాడు, దానికి మటుకు ఎవరూ చెప్పకుండా కొసన కుచ్చులు వేశాడు. మొదటి జెండాను నర్సమ్మ మడిచి మా అత్త చేతికే ఇచ్చి, "ఇది మీ ఇంటిది" అంది.

రాణి పుట్టినరోజున నర్సమ్మ మిద్దె మీద వెదురుగడకు ఎరుపు, తెలుపు, నీలం ఎగిరాయి, వాటి పైన కాషాయపు పట్టీ పాములాగా మెలికలు తిరిగింది. వీధిలో పోయే ప్రతి మనిషీ తల పైకెత్తాడు. టీ అంగడాయన మా గడప దగ్గరికే వచ్చాడు.

"యే పార్టీదప్పా అది? ఓట్లొస్తాండాయా మల్లా?"

"హాలెండు పార్టీ," అన్నాడు మా మామ.

"గుర్తేంది?"

"గుర్తు ల్యా, వట్టి రంగులే."

"గుర్తు లేని పార్టీకి యెవడేస్తాడప్పా ఓటు!" అనుకుంటూ పోయాడాయన.

పొద్దు మునగకముందే ఆమె జెండా దించేసింది. నేల తాకనివ్వలేదు. మగ్గం మీది గుడ్డను మేం దాటము చూడండి, అట్లాంటి పట్టింపు.

అది జరిగిన కొద్ది రోజులకే, ఒక సాయంత్రం జెండా మళ్ళీ మిద్దె మీద కనబడింది. ముందు కొస దాకా ఎక్కించి, తర్వాత సగానికి దించి కట్టింది. కాషాయపు పట్టీ లేదు. మన దగ్గర కూడా పెద్దవాళ్ళు పోతే జెండా సగానికి దించుతారు, అది అందరికీ తెలుసు. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వీధిలో ఆడవాళ్ళను పిలుచుకుని పరామర్శకు బయలుదేరింది. నేనూ వెనకే పోయాను.

"ఎవురు పోయినారమ్మా? రాణేనా?"

నర్సమ్మ తెల్లబోయింది. రాణి బాగున్నారు అంది. మమ్మల్నందరినీ కూర్చోబెట్టింది. తన చిన్నతనంలో వాళ్ళ దేశంలో యుద్ధం జరిగిందట. ఆఖరి చలికాలం తిండి దొరక్క పూలమొక్కల గడ్డలు ఉడకబెట్టుకుని తిన్నారట. వాళ్ళ తమ్ముడు ఆ చలికాలం దాటలేదట. ఏటా ఈ రోజు ఆ యుద్ధంలో పోయినవాళ్ళందరి కోసం జెండా సగానికి దించి, కాసేపు మాట్లాడకుండా నిలబడతారట.

మా అత్త నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసింది. తర్వాత అంది: "మాకూ కరువొచ్చిండె తల్లీ. గంజి పోసే తావుకు పిల్లోల్లను సంకనేసుకుని పోతాంటిమి. జముడుపండ్లు తిన్యాము. నాకు ఒగ బిడ్డ దక్కలే. మేము జెండా కట్టలే. కట్టొచ్చని మాకు తెలీదు."

ఆ బిడ్డ సంగతి నేను అప్పుడే మొదటిసారి విన్నాను. ఆ ఇంట్లో అన్నేళ్ళుగా ఉంటున్నాను, ఒక్కనాడూ ఎవరూ అనలేదు. అందరం జెండా సగం గడ మీద ఊగుతుంటే చూస్తూ కూర్చున్నాం. గుడ్డ అదే, రంగులు అవే. మొన్న నవ్వించింది, ఇవాళ ఇంకో పని చేస్తోంది. ఆ రోజు నుంచి మా అత్త దయచేసి మాట మీద ఎగతాళి చేయడం మానేసింది.

అక్కడే మా ఆడబిడ్డ అడిగింది. "ఇంకా ఏంటేంటికి కడ్తారక్కా జెండా?"

పిల్లలు బడి పరీక్ష పాసైతే కడతారు అని చెప్పింది నర్సమ్మ. జెండాతో పాటు పుస్తకాల సంచి కూడా గడకు వేలాడదీస్తారట. వీధిలో పోయేవాళ్ళు చూసి, ఓహో ఈ ఇంటి పిల్ల గట్టెక్కింది అనుకుంటారట. ఆ పిల్ల కళ్ళు మెరవడం నేను చూశాను.

ఫలితాలు వచ్చాయి. పిల్ల పాసయింది. నర్సమ్మ పరుగున వచ్చి జెండా కట్టాలి, సంచి తెమ్మంది. మా మామ అడిగాడు, "సంచి ఏంటికమ్మా కట్టేది?"

"బడి అయిపోయింది, ఇక ఈ సంచితో పని లేదు అని."

"సరిగ్గ సెప్పినారు మీ దేశమోల్లు! కట్టు కట్టు," అన్నాడు ఆయన సంతోషంగా. నర్సమ్మకు ఏమీ అర్థం కాలేదు. మా ఆడబిడ్డ మొహం మటుకు ఆరిపోయింది. తన సంచిని తనే తెచ్చి ఇచ్చింది.

మా మిద్దె మీద కట్టింది పసుపు అంచు జెండానే. తన కూతురి మంచికి బోడిగుడ్డ కట్టనీయనన్నాడు మామ. దాని పక్కన ఖాకీ సంచి ఊగుతోంది.

ఆ రోజు మగ్గానికి కొత్త పడుగు ఎక్కించే పని పెట్టుకున్నారు. పడుగంటే నిలువు దారాలు. పాత పడుగు అయిపోయినా దాన్ని పూర్తిగా కోసేయరు. దువ్వెనలాంటి అచ్చులో దూరిన కొసలను అట్లే వదిలి, కొత్త దారాలను ఒక్కొక్కటే వాటికి మెలిపెట్టి అతుకుతారు. తండ్రీ కూతురూ ఎదురెదురుగా కూర్చుని అతుకుతున్నారు. టీ అంగడాయన మళ్ళీ వచ్చాడు.

"ఇప్పుడు కుదిరిందప్పా, సంచి గుర్తు! నా ఓటు మీకే."

"నా కూతురు పాసయ్యిందన్నా," అన్నాడు మామ. గొంతులో గర్వం దాచుకోలేకపోయాడు.

"మంచిది. యాడ సేరుస్తావు, ఆదోనిలోనేనా?"

"ఇంగేం సేర్చేది. అయిపోయ."

ఆయన పోయాడు. బియ్యం అంగడామె వచ్చింది, గుడి పూజారి ఆగాడు, ముక్కూమొహం తెలియని సంత మనిషి కూడా సంచి చూసి అడిగాడు. అందరిదీ ఒకటే ప్రశ్న, ఇంక యాడ చదివిస్తావు అని. మొదట్లో అయిపోయింది అని చెప్పేవాడు. పొద్దు వాలేకొద్దీ దారాల మీద వంగి విననట్టు ఊరుకున్నాడు.

అప్పుడు ఆ పిల్ల చేతులు ఆపకుండానే అంది. "నాయనా, అయిపోయిన పడుగు కొసలు ఏంటికి ఇడిసిపెడ్తావు?"

"కోసేస్తే కొత్తది దేనికి అతకాల? మల్లా పోగు పోగు మొదట్నుంచి దూర్సల్ల. పానం పోతాది."

"నాది గూడ తెంపొద్దు నాయనా. ఇప్పుడు తెంపితే మల్లా దూర్సుకోలేను."

మా మామ వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి. చేతిలో పోగు మెలిపెట్టి, "నాడె ఎవురందిస్తారు?" అన్నాడు. కసురు కాదు అది. నిజంగానే అడిగాడు. రెండో చెయ్యి లేకపోతే ఆ చీరలు లేవు, ఆ చీరలు లేకపోతే మా పొయ్యి లేదు.

నేను వంటింటి గడపలో ఉన్నాను. "నేనందిస్తా మామా," అన్నాను.

"నీకు రాదు గదమ్మే," అంది మా అత్త.

"ఆమెకు మాత్రం పుట్టంగానే వచ్చిండెనా అత్తా?"

 పొద్దు మునగబోతుంటే మామ లేచి తనే మిద్దె ఎక్కాడు. జెండా దించి మడిచాడు. సంచి దించి దుమ్ము దులిపాడు. దిగి వచ్చి దాన్ని కూతురి చేతికివ్వకుండా నా చేతికిచ్చి అడిగాడు. "మీ అమ్మోల్లింట్ల పుస్తకాలు పెట్టుకునేదానికి గూడు ఏమన్నా ఉంటాదా?"

సెలవులు అయినాక ఆయనే ఆదోని బస్సెక్కించి తీసుకుపోయి చేర్చి వచ్చాడు. నేను మగ్గం దగ్గర కూర్చున్నాను. మొదటి చీరలో రంగులు కలిసే చోటల్లా సందులే. మామ తిట్టలేదు, ఆ చీర అమ్మకానికి పంపకుండా నాకే కట్టబెట్టాడు. మూడో చీరకు చెయ్యి కుదిరింది. ఆ పిల్ల తర్వాత చాలా చదివింది, దాని సంగతి దానిది. నేను మాత్రం ఎనభైల చివరి దాకా ఆ మగ్గం గుంట పక్కనే కూర్చుని నాడె అందించాను. ఒక్కనాడూ కష్టమనిపించలేదంటే అబద్ధం, అనిపించిన రోజులూ ఉన్నాయి.

విన్నారు కదా తల్లీ, ఓపిగ్గా కూర్చున్నారు. మీ ఇంట్లో చదువుకునే పిల్లకు పక్కన నిలబడే చెయ్యి ఒకటి ఎప్పుడూ ఉండుగాక. మీ పొయ్యి ఆరకుండా, మీ పిల్లల దారి తెగకుండా, మీ గడప చల్లగా ఉండుగాక.