నొప్పి తగ్గిన కన్ను

నా మొగుడు మా అమ్మకు సొంత తమ్ముడు. పెళ్ళయ్యాక కూడా మామా అనే పిలిచేదాన్ని. పెద్దవాడన్న భయం మాత్రం ఉండేది కాదు. నోటి దురుసు నాది, ఊరంతా ఎరిగిందే.

కుంపిణీ పోయి రాణి ఏలుబడి వచ్చిన కొత్త. కారమడై పక్కన మా చేను. ఆ ఏడు వాన మొహం చాటేసింది. బావి దగ్గర ఎద్దులతో మోట తోలితేనే రాగిపైరు నిలిచేది. ఒక పొద్దున మోట తాడు తెగి, దాని కొస మామ కుడికంటికి చెళ్ళున తగిలింది. రెండు రోజులకు కన్ను ఎర్రబడి తల పగిలే నొప్పి. రెప్ప మీద వేలు పెడితే గుడ్డు పచ్చి ఉసిరికాయలా గట్టిగా తగిలింది. ఊరి వైద్యుడు జలగలు పట్టించి చలవ పట్టీలు వేశాడు. వారానికి నొప్పి పోయింది, గుడ్డూ మెత్తబడింది. అమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

"మోయ్, ముక్కు పక్క నించి నల్లగుడ్డ దిగినట్టు ఉండాది. సగం అగుపడలా," అన్నాడు మామ.

"నొప్పి ఉండాదా?"

"లేదు."

"లేకుంటే ఇంకేంది మామా? పైరు ఎండతా ఉండాది. సుమ్మా ఊరికే సాకులు చెప్పొద్దు, లేచి ఎద్దులు కట్టు."

కట్టాడు. మర్నాడు గుడ్డ ఇంకాస్త దిగిందన్నాడు. ఆ మర్నాడు కంట్లో మెరుపులన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని ఎకసెక్కం చేశాను. పాపిష్టిదాన్ని, పదకొండు రోజులు మోట తోలించాను.

పన్నెండో రోజు ఆ కన్ను పూర్తిగా చీకటైంది. బండి కట్టుకుని కోయంబత్తూరు ఆసుపత్రికి పోయాము. అక్కడి వైద్యుడు అద్దంతో కంట్లోకి వెలుగు వేసి చూసి, కంటి వెనక పొర ఊడిపోయిందన్నాడు. మొదట గుడ్డు గట్టిపడడం, తర్వాత నల్లగుడ్డ, రెండూ ఆ తాడు దెబ్బ తెచ్చిపెట్టినవేనట. నొప్పి పోయినంత మాత్రాన పొర అతుక్కోదట. ముందే వచ్చుంటే కళ్ళకు కట్టు కట్టి, కదలకుండా వెల్లకిలా పడుకోబెట్టేవాళ్ళం, చూపు కొంతైనా నిలిచేదేమో అన్నాడు. పడకే మందట! ఆ పడకనే నేను లాగేసుకుని ఆయన్ని ఎద్దుల వెంట తరిమాను.

"ఇన్నాళ్ళూ ఇంట్లో ఎందుకు చెప్పలేదయ్యా?" అని వైద్యుడు కసిరాడు.

మామ తల వంచుకున్నాడు. "నాదే తప్పు సామీ. బయపడతారని ఎవరికీ చెప్పలా."

పదకొండు రోజులూ నాకు చెబుతూనే ఉన్నాడు. ఆ మాట నేనక్కడ చెప్పాల్సింది. అన్నిటికీ ముందుండే నా నోరు ఆ పూట పెగల్లేదు.