నజ్మీన్ కాటా

అద్దంకి దాటాక రోడ్డు పక్కనున్న ఆ జిన్నింగ్ మిల్లుకు పత్తి తోలే రైతులందరికీ నజ్మీన్ తెలుసు. ట్రాక్టరు లోడుతో వచ్చినప్పుడొకసారి, ఖాళీగా వెళ్లేటప్పుడొకసారి కాటా వేసి, కిటికీలోంచి చీటీ అందించేది ఆమే. భర్త షఫీక్ లారీ ప్రమాదంలో నడుం విరిగి మంచాన పడ్డాక ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. మిల్లు యజమాని అంకమ్మరావు ఆ ఉద్యోగాన్ని తన ధర్మగుణం కింద లెక్కేసుకునేవాడు. వచ్చినవాళ్లందరికీ ఆ సంగతి చెప్పుకునేవాడు కూడా.

సీజన్ మొదలయ్యేసరికి కాటా గదిలో కంప్యూటరు మొరాయించింది. పొద్దున ఆన్ చేసి, బయటికెళ్లి టీ తాగి వచ్చినా తెరుచుకునేది కాదు. ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరేవి. అంకమ్మరావు గుమ్మంలో నిలబడి కేకలేశాడు.

"డిగ్రీ చదివానంటావు గదా. ఆన్ చెయ్యగానే ఇన్ని బొమ్మలు లేస్తయ్యేంటి? అక్కర్లేనియ్యన్నీ పీకి పారెయ్."

పీకింది. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా తెరిస్తే, ఎప్పుడో పాడైన ప్రింటరుది, యజమాని అల్లుడుగారు ఆడుకున్న పేకాటది, ఎవరూ చూడని వార్తలది, అన్నీ పొద్దున్నే వరసగా లేస్తున్నాయి. ఒక్కోదాన్నీ డిసేబుల్ చేసింది. వాటి మధ్య ఊరూ పేరూ లేనిదొకటి ఉంటే, వైరస్ అనుకుని దాన్నీ ఆపింది. మళ్లీ ఆన్ చేస్తే కంప్యూటరు చిటికెలో తెరుచుకుంది.

మా వైపు రైతు మిల్లు కాటాను నమ్మడు. ఊళ్లో సిమెంటు కొట్టువాళ్ల కాటా మీద ముందే తూకం వేయించుకుని వస్తాడు. ఇక్కడ తగ్గితే, దారిలో తేమ ఆరిందయ్యా అంటారు మిల్లువాళ్లు. గొణుక్కుంటూ పోతాడు. అలాంటిది ఆ వారం రెండు తూకాలూ కలిశాయి. పిచ్చయ్య అనే రైతు కిటికీ దగ్గరకొచ్చి మరీ చెప్పాడు.

"అమ్మాయ్, అక్కడెంతో ఇక్కడా అంతే వచ్చింది. నా ఎరికలో ఇదే మొదలు."

నజ్మీన్ సంతోషించింది. సాయంత్రం అంకమ్మరావు లోపలికొచ్చి తలుపేశాడు. ఈసారి కేకల్లేవు.

"పేరు లేందొకటి తీసేశావా?"

"అక్కర్లేనివి తీసెయ్యమన్నారు గదండీ."

"అది మా అల్లుడు పెట్టించింది. అక్కర్లేదని నీకెవరు చెప్పారు?"

అప్పుడర్థమైంది ఆమెకు. కాటా చెప్పిన అంకె తెర మీదికీ, బయటి బోర్డు మీదికీ వెళ్లకముందే మధ్యలో కాస్త కోసుకునే ప్రోగ్రాం అది.

"మళ్లీ పెట్టు. నీకు కష్టంగా ఉంటే చెప్పమ్మా, ఆ కుర్చీకి మనుషులు దొరక్కపోరు."

ఎనేబుల్ నొక్కడానికి చదువేం కావాలి? తనే నొక్కుకోవచ్చు. ఆమె చేతే నొక్కించాడు, నాకు ఒళ్లు మండేది అక్కడే. నజ్మీన్‌కు మంచం మీది మనిషి గుర్తొచ్చాడు. నొక్కింది.

అయితే మాట అప్పటికే ఊళ్లు దాటిపోయింది. నజ్మీన్ కంప్యూటరు బాగుచేసిందట, ఆ పిల్ల ఉన్నచోట మోసం లేదట. పక్క మిల్లులకు పోయే ట్రాక్టర్లు ఇటు తిరిగాయి. సిమెంటు కొట్టు దగ్గర ఆగడం కూడా మానేశారు రైతులు. అంకమ్మరావు ఆనందం పట్టలేక ఆమె జీతం పెంచాడు. వద్దనే ధైర్యం ఆమెకు లేకపోయింది.

ఏటా ఊళ్లో దళారీకే పత్తి అమ్మే ఆమె తండ్రి జాన్ బాషా కూడా ఆ మాట వినే వచ్చాడు. కౌలు చేలో పండిన పత్తంతా ట్రాక్టరుకెత్తించి, కాటా ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడ్డాడు. వెనక ట్రాక్టరులోంచి పిచ్చయ్య పలకరించాడు.

"ఏం బాషా, సిమెంటు కొట్లో కాటా వేయించావా?"

"ఎందుకయ్యా? ఇక్కడ కూర్చుంది మా అమ్మాయి."

నజ్మీన్ తెర మీది అంకె చూసింది. గుమ్మంలో అంకమ్మరావు నిలబడి ఉన్నాడు. చీటీ చింపి కిటికీలోంచి అందించింది. జాన్ బాషా దాన్ని చూడనైనా చూడకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు.