ఎల్లయ్యకు పడ్డ నీళ్ళు

తెలకపల్లి చుట్టుపక్కల బావులు తవ్వడంలో ఎల్లయ్యకు ఉన్నంత కీర్తి మరొకరికి లేదు. ఆయన తవ్విన ఏ బావిలోనూ నీళ్ళు పడలేదు. ఇంత నిలకడ సామాన్యులకు సాధ్యం కాదు. ఎల్లయ్య బావి అంటే జొన్నలు పాతర వేసుకోవడానికి శ్రేష్ఠమైన పొడి గుంత అని ఊళ్ళో గౌరవంగా చెప్పుకునేవారు.

యుద్ధం రోజుల్లో మట్టిపనికి మనుషులు కావాలని ఒక మేస్త్రీ వస్తే, ఎల్లయ్య తన చెల్లెలు జములమ్మ భర్త కురుమూర్తిని వెంటబెట్టుకుని బయలుదేరాడు. రైలెక్కించారు, ఓడెక్కించారు, పేరైనా చెప్పకుండా ఒక చోట దింపారు. నడిసముద్రంలో దీవులు గాజులాగా గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. ఆ గాజు లోపల అల లేదు, హోరు లేదు. నీళ్ళు ఒడ్డున లేతాకుపచ్చగా, దూరాన నీలంగా నిలిచి ఉన్నాయి. తెల్లటి ఇసుక మీదికి కొబ్బరిచెట్లు వంగి ఉన్నాయి. ఎల్లయ్య వృత్తిధర్మం తప్పకుండా, ముందు చెరువుకట్ట ఎక్కడుందో వెతికాడు.

కురుమూర్తి మాత్రం నడుంలోతు దాకా దిగిపోయాడు.

"బావా, ఇగో నా కాలివేళ్ళు కనిపిస్తున్నయ్! జములమ్మ ఉంటే బిందె తెస్తుండె."

"జర తాగి చూడు. బిందె ఆడ్నే పారేస్తది," అన్నాడు ఎల్లయ్య.

పగలంతా బాట వేయడం, పొద్దుగూకితే ఆ నీళ్ళ ఒడ్డున కూర్చోవడం. వానలు పట్టాక దీవిలో జ్వరాలు మొదలయ్యాయి. కురుమూర్తి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు.

గుంత తవ్వే పని సహజంగానే ఎల్లయ్యకు అప్పగించారు. మోకాలి లోతుకే నీళ్ళు పడ్డాయి. పక్కన తవ్వాడు. అక్కడా పడ్డాయి. ఏ నీళ్ళ కోసం జీవితమంతా రాళ్ళు పగలగొట్టాడో ఆ నీళ్ళు, వద్దు వద్దని బతిమాలుతున్నప్పుడు, ప్రతి గుంతలోనూ ఊరి వచ్చాయి. చివరికి కురుమూర్తిని ఆ నీళ్ళలోనే పడుకోబెట్టి, మట్టి లేదు గనుక తలా పిడికెడు ఇసుక వేశారు.

ఇల్లు చేరాక చెల్లెలికి ఉన్నదున్నట్టు చెప్పాడు. జములమ్మ ఏడవలేదు.

"గన్ని నీళ్ళున్న కాడ మనిషెట్ల సస్తడన్నా?"

"బొంద నేనే తవ్విన చెల్లె. మోకాలిమట్టుకే నీళ్ళు పడ్డయ్."

"నువ్వు తవ్వితే నీళ్ళు పడ్డయా?"

పలకరించడానికి వచ్చినవాళ్ళలో ఒకరిద్దరు మొహాలు తిప్పుకున్నారు. చావు ఇంట్లో నవ్వకూడదు కదా.

"నీకు అబద్ధమాడనీకె రాదన్నా. ఆయనకు మంచి జాగా దొరికింది, ఆడ్నే ఉండిపోయిండు," అంది జములమ్మ. గాజులు తీయమని ముసలమ్మలు దగ్గరికి వస్తే చేతులు కొంగు కింద దాచుకుంది. "మా చేన్ల బావి తవ్వు. నీళ్ళు పడితే నమ్ముత. అప్పుడు తీస్త."

ఊరికి ఇది న్యాయంగానే తోచింది. ఆ గాజులకు ఇక ఏ భయమూ లేదని కూడా తోచింది.

ఎల్లయ్య గడ్డపార పట్టాడు. నిజం చెప్పినవాడు అబద్ధాలకోరుగా మిగిలిపోవడం ఎంత కష్టమో ఆ ఎండాకాలమంతా తవ్వుతూ తెలుసుకున్నాడు. జములమ్మ పైన నిలబడి తాడుతో మట్టి తట్టలు లాగేది. ఒకనాడు పైకొచ్చిన మట్టి నల్లగా, చల్లగా ఉంది. పిడికిట పట్టి పిసికితే వేళ్ళ సందుల్లోంచి కారి గాజుల దాకా వచ్చింది. ఆమె తట్ట పక్కనే కూలబడింది.

కింద ఎల్లయ్య మడమల చుట్టూ నీళ్ళు చేరుతున్నాయి. బురదనీళ్ళు, వీటిలో కాలివేళ్ళు కనిపించవు. తాగడానికి మాత్రం తియ్యగా ఉన్నాయి. పైకి చెబుదామని నోరు తెరిచాడు.

"అన్నా," అని ముందే వినిపించింది జములమ్మ గొంతు. "రాయి పడ్డట్టుంది గదా? ఇగ పైకి రా."

ఆయన నీళ్ళలోంచి గడ్డపార తీసి బావి గోడకు ఆనించాడు.

"అవునమ్మా," అన్నాడు. "పెద్ద రాయే."

మర్నాటి నుంచి అన్నాచెల్లెళ్ళు ఆ బావి పూడ్చారు. ఊరు దాన్ని కూడా ఎల్లయ్య కీర్తికి జమ కట్టింది. జములమ్మ ఆ చేనుకు ఏటేటా వాన కోసం మొగులు చూస్తూ, గాజుల చేతులతోనే ముసలిదైపోయింది.