మడ అడవిలో మా ఆవిడతో

ఆ రోజుల్లో కంప్యూటరు తెలిసినవాణ్ని సింగపూరు పిలిచి మరీ కూర్చోబెట్టేది. కూర్చున్నవాణ్ని మళ్లీ లేవనిచ్చేది కాదు, అది వేరే సంగతి. సైన్స్ పార్క్ ఆఫీసులో నా కుర్చీకి నేను ఎంతగా అతుక్కుపోయానంటే, ఒంగోలు నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన భార్య ఆంగ్ మో కియో ఫ్లాట్‌లో ఒక్కతే ఉంటోందన్న సంగతి ఇంటికెళ్లే ట్రైన్ ఎక్కాక గానీ గుర్తొచ్చేది కాదు. ఒక పొద్దున ఆవిడ ఇడ్లీ పెడుతూ చాలా మామూలుగా చెప్పింది.

"మా అన్నయ్యతో మాట్లాడినానండీ. వచ్చే వారం ఒంగోలు పోతన్నా. మళ్లీ ఎప్పుడొస్తానో చెప్పలేను."

కోపంగా చెప్పి ఉంటే బతిమాలుకునేవాణ్ని. మామూలుగా చెప్పేసరికి ఏమని బతిమాలాలో తెలియలేదు. ఆఫీసుకు వెళ్లకుండా తిన్నగా సెంగ్‌కాంగ్ పేటలో ఉండే అంకుల్ దగ్గరికి పరుగెత్తాను. (చుట్టరికం ఏమీ లేదు. ఎప్పుడో వచ్చి అక్కడే స్థిరపడి, మాటలో అరవమూ, సింగపూరువాళ్ల 'లా' కలిసిపోయిన తెలుగాయన. కొత్తగా వచ్చిన మాలాంటి వాళ్లందరికీ అంకులే.) ఆయన అంతా విని, "కవల పడకు తంబీ," అన్నారు, దిగులు పడొద్దని. "వంతెన అవతల జోహోర్‌లో మా బావమరిది వ్యాన్ ఖాళీగా ఉంది. లోపల మంచం, స్టవ్వు, అన్నీ ఉన్నాయి. అక్కణ్నుంచి సముద్రపొడ్డున నేషనల్ పార్క్ దగ్గరే. అమ్మాయిని తీసుకెళ్లు. హనీమూన్ మాదిరి ఉంటుంది లా."

నాకు డ్రైవింగ్ రాదు. అందుచేత హనీమూన్‌కి అంకుల్ కూడా వచ్చారు.

శనివారం బస్సులో వంతెన దాటి మలేషియాలో అడుగు పెట్టేసరికే సగం పూట పోయింది. పాస్‌పోర్టుల వరసలో నిలబడినంతసేపూ అంకుల్ మా ఆవిడకు తన మోకాలి నొప్పి పుట్టుపూర్వోత్తరాలు వివరించారు. వ్యాన్‌లో మంచం ఉన్న మాట నిజమే, దాని మీద బావమరిది గారి పాత టైర్లు కూడా ఉన్నాయి. స్టవ్వుకు గ్యాసు లేదు. ముందు సీట్లో ఇద్దరికే చోటు కాబట్టి, నేను వెనక టైర్ల మధ్య కూర్చుని, చిన్న కిటికీలోంచి నా భార్య జడను చూసుకుంటూ ప్రయాణం చేశాను.

పార్కు చేరాక గాలి ఆడుతుందని వెనక తలుపు బార్లా తెరిచి, మా ఆవిడకు సముద్రం చూపించడానికి వెళ్లాను. (ఆటు సమయం కావడంతో సముద్రం ఎక్కడో దూరంగా ఉంది. చూపించడానికి బురదే మిగిలింది.) తిరిగొచ్చేసరికి వ్యాన్ నిండా కోతులు. మేం తెచ్చుకున్న పులిహోర అప్పటికే అయిపోయింది. ఒక పెద్ద కోతి మా అత్తగారి ఆవకాయ సీసా మూత తీసి, చెయ్యి ముంచి నాకింది. ఒక్క క్షణం నా వైపు ఎంతో అనుమానంగా చూసి, సీసాను రాతికేసి కొట్టింది. ఆవిడ ఒంగోలు నుంచి తెచ్చుకున్నవాటిలో అదే ఆఖరి సీసా. మా ఆవిడ వంగి గాజు ముక్కలు ఒక్కొక్కటే ఏరింది. నా కాపురం అయిపోయిందని నాకు అప్పుడే తెలిసిపోయింది.

"మీరిద్దరూ అలా నడిచి రండి. షార్ట్ వాక్ ఓన్లీ. బండి నేను చూసుకుంటా," అన్నారు అంకుల్, ఇక చూసుకోవడానికి ఏమీ మిగలకపోయినా.

మడ అడవిలోంచి చెక్కల బాట. నేను ఆఫీసు బూట్లతో వెళ్లాను, నాకున్నవి అవే. బాట విరిగిన చోట కిందికి దిగగానే ఎడమ బూటును బురద మింగేసింది. దాన్ని వెతకడానికి వంగితే వాన మొదలైంది. పరుగెత్తి ఒక రేకుల పందిరి కిందికి చేరాం. వాన తగ్గుతుందని చూస్తుండగానే పోటు వచ్చి, మేం నడిచొచ్చిన బాటలో పల్లపు భాగం నీళ్లలో మునిగిపోయింది. ఆఫీసువాళ్లు ఇచ్చిన ఫోనుకు సిగ్నలు లేదు. సోమవారం కస్టమరుకు ఇవ్వాల్సిన ప్రోగ్రాము, ఎదురుగా నీళ్లు, పక్కన ఒంగోలు పోబోయే భార్య. ఒంటి బూటుతో కూర్చుని, నా అంత దౌర్భాగ్యుడు ఆసియా ఖండంలో ఉండడని తీర్మానించుకున్నాను.

చేసేదేమీ లేక మాట్లాడడం మొదలుపెట్టాను. ఆఫీసులో నా కోడ్ చూసి అందరూ నవ్వుతారేమోనన్న భయం, అందుకే రెండేసిసార్లు సరిచూసుకుంటూ ఆలస్యం చెయ్యడం, పెళ్లిచూపుల్లో ఆవిడ ఇచ్చిన కాఫీలో ఉప్పు పడినా చెప్పకుండా తాగెయ్యడం... నోటికొచ్చిందల్లా చెప్పాను. చివరికి, "నువ్వు వెళ్తానంటే ఆపను," అన్నాను.

ఆవిడ చీర కొంగు పిండుకుంది.

"మీకు మాటలు రావేమో అనుకున్నా ఇన్నాళ్లూ," అంది. "ఉప్పు సంగతి అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెప్తే సంబంధం తప్పిపోతుందేమోనని..."

ఆవిడ మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని నేనూ ఏడవడానికి సిద్ధపడ్డాను. తీరా చూస్తే నవ్వుతోంది.

చాలాసేపటికి వాన తగ్గి, నీరు తీసి, బాట బయటపడ్డాక లేచి, "ఇంటికి పోదాం పదండి," అంది.

"రేపే టికెట్ చూస్తాను," అన్నాను.

"ఒంగోలుక్కాదండీ. మనింటికి. ఒళ్లంతా బురద, తానం చెయ్యొద్దూ?"

వాళ్ల అన్నయ్యకు మర్నాడు ఫోన్ చేసి దసరాకి వస్తానని చెప్పింది. నేను మళ్లీ ఆలస్యంగానే ఇంటికి వచ్చేవాణ్ని, కాకపోతే వచ్చాక మాట్లాడేవాణ్ని. ఇప్పుడు మా అమ్మాయిలు సెలవులకు చల్లటి గదులున్న రిసార్టులు వెతుకుతుంటే, ఆ పందిరి కింద ఒంటి బూటుతో వణికిన కుర్రాడు నాకు గుర్తొస్తాడు. వాడి మొహం చూస్తే జాలేస్తుంది. అయినా అంతా సర్దుకుంటుందని వాడికి అభయమేమీ ఇవ్వను. వాడు నోరు విప్పేదాకా వాన ఇంకాస్త సేపు పడనిస్తాను.