దిండ్లక్క, మెలిపడిన పైత్యపు సంచి

ఆపరేషన్ థియేటర్‌లో పెద్ద డాక్టరును కసురుకోగల మనిషి ఒక్కతే. ఆమెకు డిగ్రీలు లేవు, మోకాళ్ల నొప్పులున్నాయి. రోగిని బల్ల మీద కుదురుగా పడుకోబెట్టడం ఆమె పని. అందుకు కావలసిన దిండ్లు ఇరవై రెండేళ్లుగా తనే కుట్టుకొస్తోంది కనుక అందరికీ దిండ్లక్క. మత్తులో ఉన్న ఒంటిని నీళ్ల మీది ఆకును తిప్పినంత మెల్లగా తిప్పుతుంది. నోటికి మాత్రం ఆ మెల్లదనం అబ్బలేదు.

ఆ మధ్యాహ్నం బట్టల కొట్టులో పనిచేసే పిల్లను తెచ్చారు. ఏడో నెల. రెండు రోజులుగా కుడి డొక్కలో పోట్లు, వాంతులు. ఇంట్లోవాళ్లు గ్యాస్ అన్నారు. స్కానింగ్ చూసి డాక్టర్లు ఉలిక్కిపడ్డారు. కాలేయం కిందుండే పైత్యపు సంచి తన కాడ మీదే మెలితిరిగినట్టుంది. ఎక్కడో గాని కనిపించని జబ్బు. వెంటనే తీసేయకపోతే సంచి చిరిగి తల్లికీ బిడ్డకీ ముప్పు.

"పిన్నీ, బిడ్డకేం కాదుగా?" బల్ల ఎక్కుతూ దిండ్లక్కను అడిగింది ఆ పిల్ల.

"అదంతా తెలిస్తే ఈ బల్లలు తుడుస్తూ ఎందుకుంటానే? పడుకో," అంటూనే చెయ్యి నిమిరింది.

మత్తిచ్చాక కుడి తుంటి కింద దిండు పెట్టింది. పెద్ద డాక్టరు విసుక్కున్నాడు.

"ఏమ్మా, ఇది నాకు అడ్డం. తీసెయ్."

"వెల్లకిలా పడుకుంటే కడుపు బరువంతా పెద్ద నరం మీద పడుతుంది సార్. గుండెకి రక్తం చేరదు."

"పాఠాలు చెప్పకు."

తీసేసింది, మూతి మూడు వంకర్లు తిప్పి.

పొట్ట కోశారు. కాసేపటికే మత్తు డాక్టరమ్మ అరిచింది. "బీపీ పడిపోతోంది!"

పెద్ద డాక్టరు చేతులు ఆగిపోయాయి. "అక్కా, దిండు!"

"ఇప్పుడు అక్కనా?"

గుడ్డల కిందకి దూరి, తుంటిని బెత్తెడు లేపి దిండు తోసింది. మానిటర్ మీద అంకెలు ఒక్కొక్కటే మెట్లెక్కాయి. ఆయన మెలి విప్పి, కుళ్లిన వంకాయలా నల్లబడ్డ సంచిని కోసి తీశాడు.

కుట్లు పడ్డాక బిడ్డ గుండె వినే యంత్రాన్ని పొట్ట మీద ఆనించారు. గాలి హోరు. జరిపారు. మళ్లీ హోరే.

మూడోచోట టకటకటకా వినిపించింది, ఎవరో చిన్న పాదాలతో వాన తడిపిన మేడ మీద పరుగెత్తుతున్నట్టు.

పెద్ద డాక్టరు గోడకు చేరగిలబడ్డాడు.

"తర్వాత కూలబడుదురు గాని సార్. పిల్లను మంచం మీదికి మార్చాలి, కాళ్లు పట్టుకోండి. లాగొద్దు."

ఆయన వెళ్లి పిల్ల కాళ్లు పట్టుకున్నాడు.