గేరు మచ్చ

మా పెద్దమ్మ చేసే పని చెబితే ఎవరూ నమ్మరు. కొత్త బూట్లను పాతవి చేయడం ఆమె ఉద్యోగం. మోటారుసైకిలు బూట్లు కొనేవాళ్లలో సగంమందికి అసలు బండే ఉండదు. ఆఫీసుకీ సినిమాకీ అవే తొడుక్కుపోతారు. పైన పటారం, లోన లొటారం! అయినా వేల మైళ్లు తిరిగొచ్చినట్టు కనపడాలట. ఆ సోకు తీర్చేది దుకాణం వెనకగదిలో కూర్చున్న పెద్దమ్మ. ముందు కౌంటరు నాది.

బండి నడిపేవాడు గేరు మార్చేటప్పుడు మీటను ఎడమ కాలి వేళ్లతో పైకి ఎత్తుతాడు. ఎత్తగా ఎత్తగా ఎడమ బూటు ముక్కు మీద తోలు అరిగి నల్లటి మచ్చ పడుతుంది. పెద్దమ్మ ఆ మచ్చను ఇనపకడ్డీతో రుద్ది అరగంటలో తెప్పిస్తుంది. నమూనా పెదనాన్న బూటు. ఆయన బండి మీద వెళ్తూ లారీ కింద పడి చనిపోయాడు; బూట్లు మాత్రం ఇంటికొచ్చాయి. చిన్నప్పుడు విరిగిన బొటనవేలు వంకరగా అతుక్కోవడంతో ఆయన మచ్చ చిటికెనవేలి వైపు ఏటవాలుగా ఉండేది. పదకొండేళ్లుగా ఊళ్లో కుర్రకారంతా మా పెదనాన్న మచ్చతోనే తిరుగుతోంది. తలుచుకుంటే నాకు నవ్వొచ్చేది.

పెద్దమ్మకు ఒక్కడే కొడుకు, నాకు తమ్ముడు. బండి ముట్టనని వాడిచేత ఒట్టు వేయించుకుంది. బూట్ల మోజు మాత్రం తన చేత్తోనే మచ్చ పెట్టి మరీ తీర్చింది.

ఒకరోజు అడుగు అట్ట ఊడిందని వాడి బూట్లు వెనకగదికొచ్చాయి. కాసేపటికి పెద్దమ్మ కేకేసింది.

"ఒసే, ఇలా రా. నేనింత లోతు రుద్దలేదే!"

వేలు పెట్టి చూశాను. పైపొర పోయి లోపలి పీచు తగులుతోంది. వీడు దొంగచాటుగా బండెక్కుతున్నాడని నాకు ఒళ్లు మండిపోయింది. ఫోనులోనే నిలదీశాను.

"నీ మీద ఒట్టే అక్కా, ముట్టుకోలేదు."

వాడికి అబద్ధమాడటం చేతకాదు. పైగా వాడి బొటనవేలు తిన్నగా ఉంటుంది. వాడు నడిపితే మచ్చ కూడా తిన్నగా పడాలి. ఇది ఏటవాలుగానే లోతైంది.

పెద్దమ్మ మచ్చ మీద కొత్త తోలుముక్క కుట్టి, బూట్లను బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి తన మెడలోనే వేసుకుంది. వారం తర్వాత తీసి చూస్తే ఆ ముక్క కూడా అరిగిపోయి ఉంది. బీరువా నిండా పెట్రోలు వాసన.

"మనిషి పోయినా ఈయన తిరుగుడు పోలేదే," అని నవ్వబోయి, నవ్వలేక ఏడ్చింది పెద్దమ్మ. "వాణ్ణి కూడా ఎక్కించుకుపోతారేమోనే!"

తమ్ముడి బూట్లూ, పెదనాన్న బూట్లూ కలిపి ముక్కలుగా కోసి దుకాణం వెనక తగలబెట్టాం. పీడ వదిలిందనుకున్నాను.

ఆ ఆదివారం వాళ్లింట్లో భోజనాలయ్యాక తమ్ముడు సోఫాలో కాళ్లు చాపుకుని పేపరు చదువుతున్నాడు. గిన్నెలు తీస్తున్న పెద్దమ్మ ఉన్నచోటే ఆగిపోయింది. వాడి ఎడమ పాదం మీద, వేళ్ల మొదట్లో, చిటికెనవేలి వైపు ఏటవాలుగా, నల్లగా కాయ కాసి ఉంది.

"ఇదేంట్రా?"

"ఏమోనమ్మా. చెప్పు కరిచిందేమో."

పెద్దమ్మ నేల మీద కూలబడి ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది. కొడుకు ముఖం చూడలేదు. పాదంతోనే మాట్లాడింది.

"ఏమండీ, మీకు దణ్ణం పెడతాను. వీణ్ణి వదిలేయండి. కావాలంటే నేనొస్తాను."

ఆమె చేతుల్లో వాడి వేళ్లు ఒక్కసారి పైకి లేచి దిగాయి.

"నేను కదపలేదమ్మా," అన్నాడు తమ్ముడు.