తెరుమికి పెట్టని పచ్చగడ్డి

మా పక్కింటి యోషిహారు ఇప్పుడు పశువులను కట్టడం లేదు. గట్టు మీద గడ్డి మోకాలెత్తు పెరిగితే నన్నే కోసుకోమంటాడు. ఒకప్పుడు ఈ తాజిమా కొండల్లో అతనంత మొండిగా ఎద్దును మేపినవాడు లేడు.

ఎద్దు కండ పట్టే నెలల్లో మేం పచ్చగడ్డి పెట్టం. పాతబడి వెలిసిపోయిన వరిగడ్డి, దాణా, అంతే. పచ్చగడ్డిలోని ఎ విటమిన్ తగ్గితే మాంసంలో సన్నని కొవ్వు గీతలు నిండుగా వస్తాయి. మరీ తగ్గితే పశువు కళ్లు పోతాయి, కండలో నీరు చేరుతుంది. ఎక్కడ ఆపాలో తెలియాలి. యోషిహారుకి ఆపడం ఒక్కటే చేతకాదు.

తెరుమి అనే ఎద్దు, యోషిహారు భార్య మికియె సాకిన ఆవుకి ఆఖరి ఈత. ఆ ఆవు కడుపున పుట్టిన ప్రతి ఎద్దు మాంసమూ మంచు కురిసినట్టుండేది. ఆవు పోయింది. దాని పేరు నిలబెట్టడానికి తెరుమి ఒక్కడే మిగిలాడు. మాంసం పోటీలో వాడిని నెగ్గించాలని యోషిహారు పట్టుబట్టాడు.

ఒకరోజు మికియె గుప్పెడు గడ్డి పట్టుకుని కొట్టంలోకి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"ఏవండీ, వాడికి తొట్టి కనపడటం లేదు. పొద్దున గోడకి గుద్దుకున్నాడు. ఈ కాస్తా పెట్టనివ్వండి."

"ఇప్పుడు పెడితే ఇన్నాళ్ల మేపూ బూడిదలో పోసినట్టే."

"వాళ్లమ్మ రక్తం ఉంది వాడిలో. మీ దాణా గొప్పేం కాదు."

"రక్తాన్ని నమ్ముకుని కూచుంటే, బహుమతి వీడు ఎగరేసుకుపోతాడు" అన్నాడు నన్ను చూపిస్తూ.

"నా ఎద్దుకంత సీన్ లేదులేరా. ముందు తెరుమికి గడ్డి పెట్టు" అన్నాను.

ఆమె చేతిలోని గడ్డి లాక్కుని బయట పారేశాడు. నాకు ఒళ్లు మండింది. అయినా ఎద్దు అతనిది.

పోటీనాడు కబేళాలో తెరుమి పక్కటెముకల కోత మీద లైటు వేసి చూశారు. కొవ్వు గీతలు అద్భుతంగా ఉన్నాయి. కానీ తొడల్లో నీరు చేరి, కండ ఉబ్బి, బొట్లు బొట్లుగా కారుతోంది. పోటీలోంచి తీసేశారు.

"ఇలాంటి రక్తానికి ఇంత కడుపు మాడ్చనక్కర్లేదండీ" అన్నాడు తనిఖీ చేసిన పెద్దాయన. "కాస్త గడ్డి పెట్టినా ఈ కొవ్వు వచ్చేదే."

యోషిహారుతో కలిసి తిరిగొచ్చాను. ఇంటి ముందు మికియె నిలబడి ఉంది. బహుమతి సంగతి అడగలేదు.

"చూపు లేదు కదా, బండి ఎలా ఎక్కాడు?" అంది.

"ముందు నడుస్తూ పిలిచాను" అన్నాడు యోషిహారు. "నా గొంతు వింటూ వచ్చేశాడు."